కాలేయము చెడితే రక్తములో ఏమి మారుతుంది?

“ప్లేట్లెట్లు అరవై వేలే ఉన్నాయట, ఇది డెంగీనా డాక్టరు గారూ?” రక్త పరీక్ష కాగితము పట్టుకుని వచ్చినవారు అడిగే ప్రశ్న ఇది. చూస్తే జ్వరము లేదు. కాళ్ళకు నీరు పట్టింది, కడుపు ఉబ్బింది, ఏళ్ళ తరబడి తాగుడు అలవాటు ఉంది. అటువంటప్పుడు లోపము కాలేయములో వెదకాలి. బొప్పాయి ఆకు రసము తాగి ఊరుకుంటే అసలు జబ్బు లోపల అలాగే పెరుగుతుంది. తాగనివారికి కూడా హెపటైటిస్ బి, సి వైరసుల వలన, షుగరు, స్థూలకాయముతో కాలేయమునకు కొవ్వు పట్టడము వలన ఇది వస్తుంది.

ప్లేట్లెట్లు ఎందుకు తగ్గుతాయి? ప్రేగుల నుండి, ప్లీహము నుండి వచ్చే రక్తము కాలేయము గుండానే గుండెకు చేరాలి. కాలేయము గట్టిపడితే ఆ దారి ఇరుకవుతుంది. కంభం చెరువు కింద రైతులకు ఇది చెప్పనక్కరలేదు: కాలువకు అడ్డు పడితే నీరు వెనక్కి ఎగదన్నుతుంది. అలాగే రక్తము వెనక్కి తన్ని ప్లీహము ఉబ్బుతుంది. మామూలుగా మూడవ వంతు ప్లేట్లెట్లను దాచుకునే ప్లీహము అప్పుడు చాలా భాగము తనలోనే పట్టి ఉంచుతుంది. ప్లేట్లెట్లు తయారు కావడానికి కాలేయము పంపే హార్మోను కూడా తగ్గుతుంది. లక్షా యాభై వేలకు పైన ఉండవలసిన లెక్క అందుకే పడిపోతుంది. రక్తస్రావము లేకుండా, కేవలము అంకె చూసి ప్లేట్లెట్లు ఎక్కించమని పట్టుబట్టకండి.

రక్తము గడ్డకట్టించే ప్రోటీన్లలో ఎక్కువ భాగము కాలేయమే తయారుచేస్తుంది. వాటిలో కొన్నింటికి విటమిన్ కె కావాలి. ఆ విటమిన్ ఒంటబట్టాలంటే పైత్యరసము కావాలి. రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినవారికి విటమిన్ కె ఇంజక్షను ఇస్తే గడ్డకట్టే సమయము సాధారణముగా ఒకటి రెండు రోజులలో బాగుపడుతుంది. కాలేయ కణములే దెబ్బతిన్నప్పుడు అంతగా బాగుపడదు. అయితే రక్తము పలుచబడింది కదా, ఇక గడ్డలు కట్టవు అనుకోకూడదు. గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్లు కూడా తగ్గుతాయి కనుక ఈ రోగులకు రక్తనాళములలో గడ్డలు ఏర్పడవచ్చును.

రక్తహీనత మరొకటి. మద్యము ఎముకల మజ్జను నేరుగా దెబ్బతీస్తుంది, ఫోలిక్ ఆమ్లమును తగ్గిస్తుంది. ఎర్రకణములు పెద్దవై సంఖ్యలో తగ్గుతాయి. ఈ ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన అమెరికా ప్రయోగశాల బృందమును నడిపించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆకుకూరలలో, పప్పులలో అది దొరుకుతుంది. కాని తాగుడు మానకుండా తోటకూర తింటే లాభము కొంతే.

ఇక మన ప్రాంతపు ప్రమాదము వేరే ఉంది. ఫ్లోరైడు నీటి వలన నడుము, మోకాళ్ళ నొప్పులు ఇక్కడ ఎందరికో ఉన్నాయి. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్ళలు మింగుతారు. ఇవి కడుపులో పుండ్లు చేస్తాయి, ఉన్న కొద్ది ప్లేట్లెట్లను పనిచేయనివ్వవు, కాలేయ రోగుల మూత్రపిండములను దెబ్బతీస్తాయి. వారికి నొప్పి ఉంటే డాక్టరు సలహాతో పారాసిటమాల్, రోజుకు 2 గ్రాములు మించకుండా వాడవచ్చును.

చిగుళ్ళ నుండి, ముక్కు నుండి రక్తము కారినా, దెబ్బ తగలకుండానే చర్మము కమిలినా వెంటనే చూపించుకోండి. మలము తారులాగా నల్లగా, జిగురుగా, దుర్వాసనతో వచ్చినా, రక్తము వాంతి అయినా అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి ఉండవచ్చును. ఇనుము బిళ్ళల వలన కూడా మలము నల్లబడుతుంది, కాని అంత జిగురు, దుర్వాసన ఉండవు. అనుమానమైతే తెల్లవారనిద్దాము అనుకోకండి. కంభం నుండి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైబడిన దారి. 108కి ఫోను చేసి, రోగిని ఒక ప్రక్కకు పడుకోబెట్టి, నోటికి ఏమీ ఇవ్వకుండా తీసుకువెళ్ళండి. పాత రిపోర్టులన్నీ వెంట ఉంచుకోండి.

పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా సరే, కాలేయ జబ్బు ఉన్నదని ముందుగా ఆ డాక్టరుకు చెప్పండి.