తెర మీది వివరం, పొలంలోని వాస్తవం: వ్యవసాయ డిప్లొమాదారుల డిజిటల్ సమస్యా పరిష్కార నైపుణ్యం

పదో తరగతి తరువాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసినవారు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలకు అర్హులు. 2019లో గ్రామ సచివాలయాలు, 2020లో రైతు భరోసా కేంద్రాలు (ఇప్పటి రైతు సేవా కేంద్రాలు) ఏర్పడిన తరువాత వీరి పనిలో గణనీయమైన భాగం ట్యాబ్, ఫోన్ల మీదికి మారింది. యాప్ తెరవడం, వివరాలు నింపడం, ఫొటో ఎక్కించడం వీరికి కష్టమేమీ కాదు. తెర మీది వివరం పొలంలోని వాస్తవంతో పొసగనప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఈ రెండింటి మధ్య తేడాను కొలిచే ప్రయత్నం ఓఈసీడీ నిర్వహించే పియాక్ సర్వేలో కనిపిస్తుంది. 16 నుంచి 65 ఏళ్ల వయోజనులపై 2011-12లో జరిగిన తొలి విడతలో కంప్యూటర్ సాయంతో సమస్యలు పరిష్కరించే శక్తిని పరీక్షించారు. పాల్గొన్న ఓఈసీడీ దేశాల సగటున పై రెండు స్థాయిలకు చేరినవారు సుమారు మూడోవంతు మాత్రమే. కింది స్థాయి ప్రశ్నలో, విందుకు వస్తామన్నవారి, రామన్నవారి ఈ-మెయిళ్లను వేర్వేరు ఫోల్డర్లలో సర్దాలి. పై స్థాయి ప్రశ్నలో, సమావేశ గదుల కోసం వచ్చిన ఈ-మెయిల్ అభ్యర్థనలను చదివి, రిజర్వేషన్ పట్టికలో నమోదు చేయాలి. వాటిలో ఒకటి ఏ విధంగానూ కుదరదు. ఆ సంగతి గుర్తించి, కుదరదని జవాబు పంపాలి. మౌస్ వాడకంలో రెండు ప్రశ్నలకూ పెద్ద తేడా లేదు; తేడా అంతా ఆ చిక్కుముడిలో ఉంది. భారతదేశం ఈ సర్వేలో పాల్గొనలేదు కనుక ఆ అంకెలు మనకు వర్తించవు. ప్రశ్నలను రూపొందించిన తీరు మాత్రం మన శిక్షణకు పనికివస్తుంది.

ఈ-పంట నమోదునే తీసుకుందాం. సర్వే నంబరు, సాగుదారు, పంట, రకం, విస్తీర్ణం, విత్తిన తేదీ, పొలం ఫొటో, ఈ-కేవైసీ: వరుస తెలిసినవారికి ఇది నిమిషాల పని. అయితే పట్టాదారు మరణించి, వారసుల పేర్లు ఇంకా రికార్డుకు ఎక్కకపోవచ్చు. ఒకే సర్వే నంబరులో కొంత భాగం వరి, కొంత భాగం మిరప ఉండవచ్చు. అన్నిటికన్నా జటిలమైనది కౌలుదారు విషయం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల సాగు ఒప్పందానికి భూయజమాని అంగీకారం కావాలి. యజమాని సంతకం పెట్టనప్పుడు సహాయకుడి ముందు సులువైన దారి ఒకటుంటుంది: యజమాని పేరుతోనే నమోదు ముగించడం. యాప్ దాన్ని స్వీకరిస్తుంది, లక్ష్యం పూర్తవుతుంది. ధాన్యం కొనుగోలు, బీమా, పెట్టుబడి రాయితీ వేళకు కౌలు రైతు పేరు ఎక్కడా ఉండదు. తెర ఏ దోషమూ చూపనందువల్ల ఈ పొరపాటు బయటపడడానికి నెలలు పడుతుంది.

ఇటువంటి చిక్కును విడదీసే పద్ధతి డిప్లొమా విద్యార్థికి కొత్తది కాదు. ఆకులు పసుపుబారితే అతడు వెంటనే యూరియా చెప్పడు. ముదురు ఆకులు ముందుగా పాలిపోతే నత్రజని లోపాన్ని, లేత ఆకులైతే ఇనుము లోపాన్ని అనుమానిస్తాడు. నీరు నిలిచిందా, వేరు దెబ్బతిన్నదా అని చూస్తాడు. అదే అలవాటును తెరకు వర్తింపజేయాలి. నమోదు ఆగినప్పుడు, లేదా అనుమానాస్పదంగా సులువుగా సాగినప్పుడు, దోషం తాను నింపిన వివరంలో ఉందా, మూల భూరికార్డులో ఉందా, సిగ్నల్‌లోనా, లేక అది రెవెన్యూ సిబ్బంది మాత్రమే తేల్చగల విషయమా అని విడదీయాలి. పొలంలో ఇంత జాగ్రత్తగా రోగనిర్ధారణ చేసే విద్యార్థి ట్యాబ్ ముందు కేవలం ఆజ్ఞాపాలకుడైపోతే, ఆ లోపం చాలావరకు బోధనదే.

శిక్షణ తరగతుల్లో సాధారణంగా అన్నీ సరిపోయే నమూనా రైతునే చూపిస్తారు. దానివల్ల వేగం వస్తుంది, విచక్షణ రాదు. కావాలని తప్పులు చేర్చిన రికార్డులతో ప్రాక్టికల్స్ జరపడం మేలు. ఉదాహరణకు, రికార్డులో 2 ఎకరాలు, పొలంలో ఎకరంన్నర వరి, మిగతా అర ఎకరంలో ఒప్పంద పత్రం లేని కౌలుదారు వేసిన మినుము ఉన్న కేసును విద్యార్థికి ఇవ్వాలి. ఏది నమోదు చేశాడు, దేన్ని ఆపాడు, ఎవరికి నివేదించాడు, ఆ సంగతి రైతులిద్దరికీ ఏ మాటల్లో చెప్పాడు అన్నవాటికి మార్కులు వేయాలి. నమోదును పూర్తి చేయకుండా ఆపి, కారణం సరిగా రాసిన విద్యార్థికి కూడా పూర్తి మార్కులు రావాలి.