విస్తరణ బోధనలో సాంకేతికత: మారుతున్న లక్ష్యాలు
వ్యవసాయ విస్తరణ తరగతిలో సాంకేతికత వినియోగాన్ని మూడు దశలుగా పరిశీలించవచ్చు. తొలి దశలో ఉపాధ్యాయుని లక్ష్యం ప్రదర్శన: పంటను, తెగులును తెరపై చూపడం. రెండవది నైపుణ్యం: 2019లో విడుదలైన మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాలలో వెలువడే జిల్లాస్థాయి వాతావరణ సలహాను విద్యార్థి స్వయంగా చదివి వివరించగలగడం. మూడవది విచక్షణ. ఇందుకు నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతం తగిన ఉదాహరణ. సోమశిల కాలువ నీరందే ఆత్మకూరు ప్రాంత వరి రైతుకూ, వర్షంపైనే ఆధారపడిన ఉదయగిరి మెట్ట రైతుకూ ఒకే జిల్లా సలహా చేరుతుంది. వాన సూచన తప్పితే మొదటి రైతుకు కాలువ ఆసరా ఉంటుంది. రెండవ రైతు వేసిన విత్తనమే నష్టపోతాడు. అందువలన సలహాను నేల స్వభావంతో, నీటి వసతితో సరిచూచి, రైతును విచారించిన తరువాతనే సిఫారసు చేసే అలవాటును విద్యార్థిలో పెంపొందించాలి. మూల్యాంకనంలోనూ ఈ సరిచూచే నేర్పుకే అధిక ప్రాధాన్యం కల్పించాలి.