రంగులలో నిలిచిన ఢిల్లీ

ఎర్రకోటను నేడు దర్శించేవారికి దివాన్-ఇ-ఆమ్, రంగ్ మహల్, దివాన్-ఇ-ఖాస్ మొదలైన కొద్ది భవనాలు పచ్చిక బయళ్ల నడుమ విడివిడిగా కానవస్తాయి. 1648లో షాజహాన్ కాలాన పూర్తయిన ఈ కోటలో ఒకప్పుడు ప్రాంగణాలు, తోటలు, నివాసాలు ఒకదానినొకటి ఆనుకొని ఉండేవి. 1857 తిరుగుబాటును అణచిన పిమ్మట ఆంగ్ల సైన్యం వానిలో అధికభాగాన్ని కూల్చి, బారకాసులు నిర్మించింది. ఆ పూర్వరూపాన్ని మనకు చూపగల ఆధారాలలో ముఖ్యమైనవి మజహర్ అలీ ఖాన్ చిత్రాలు.

మజహర్ అలీ ఖాన్ ఢిల్లీ చిత్రకారుడు. మొగలు దర్బారులో ఆంగ్ల ప్రతినిధిగా ఉండిన సర్ థామస్ మెట్కాఫ్ కోరికపై ఆయన నగరంలోని మసీదులను, సమాధులను, కోటలను చిత్రించాడు. ఆ చిత్రాలతో కూర్చిన సంపుటాన్ని మెట్కాఫ్ 1844లో ఇంగ్లండులోని తన కుమార్తెలకు పంపాడు. 'ఢిల్లీ బుక్'గా ప్రసిద్ధమైన ఆ సంపుటం నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1846లో ఆయనే ఎర్రకోట లాహోరు ద్వారం పైనుండి నలుదిక్కులా కనిపించే నగరాన్ని దాదాపు 5 మీటర్ల పొడవున చిత్రించాడు.

ఈ పద్ధతికి 'కంపెనీ శైలి' అని పేరు. దూరం పెరిగినకొద్దీ వస్తువును చిన్నదిగా చూపే విధానం ఐరోపా నుండి వచ్చింది. సన్నని కుంచెతో చలువరాతిపై పొదిగిన పూవును సైతం విడువక గీసే ఓర్పు మొగలు సూక్ష్మచిత్రకళ నుండి సంక్రమించింది.

ఢిల్లీ కట్టడాలకు వర్ణమే ప్రాణం. హుమాయూన్ సమాధిలో ఎర్రరాతి గోడలపై తెల్లని చలువరాతి గుమ్మటం నిలిచింది. సమీపంలోని నీలా గుంబద్ నీలిపెంకులతో మెరుస్తుంది. కేవలం రేఖాచిత్రంలో ఈ భేదం గోచరించదు. రంగులు దిద్దినప్పుడే ఏ భాగానికి ఏ రాయి వాడారో చూపరికి తెలుస్తుంది.

ఇట్టి చిత్రాలు చరిత్రకు సాక్ష్యాలు కూడా. కుతుబ్ మీనారు శిఖరాన 1828లో ఆంగ్ల ఇంజనీరు రాబర్ట్ స్మిత్ ఒక ఛత్రిని నిర్మించాడు. మీనారుకు అది తగదని 1848లో దించివేశారు. నేడది ఆ ఆవరణలోనే నేలపై ఉంది. ఆ ఇరవై ఏండ్ల నడుమ గీసిన చిత్రాలలో మీనారు ఛత్రితోనే కానవస్తుంది.

తాను చిత్రించిన రాజప్రాసాదం పదేళ్లు దాటగానే నేలమట్టం కాగలదని 1846లో ఆ చిత్రకారుడు ఊహించి ఉండడు. ఉన్నదానిని ఉన్నట్లుగా, శ్రద్ధగా చిత్రించాడు. కూలిన గోడలు నేడు ఆ రంగులలోనే నిలిచి ఉన్నాయి. తమ ఊరి పాత గుడినో, మసీదునో, బురుజునో రంగులలో దించే విద్యార్థి కూడా రేపటివారికి అట్టి సాక్ష్యాన్నే అందిస్తాడు.