వృత్తి, వెట్టి, పని: పందొమ్మిదవ శతాబ్దపు మరిపెడ ప్రాంతంలో స్త్రీపురుషుల జీవికలు

‘వృత్తి’ శబ్దానికి మూలం ‘వృత్’ ధాతువు. ఉండుట, వర్తించుట దాని ప్రథమార్థాలు. కాశికావృత్తి వంటి పేర్లలో అది వ్యాఖ్యానం, లోకవ్యవహారంలో జీవనోపాయం. తెలుగులో ‘కులవృత్తి’ అన్నప్పుడు గ్రహించవలసింది ఈ రెండవ అర్థమే. ఈ శబ్దంలో స్త్రీపురుష భేదమేమీ లేదు. అయినా ఒకే ఇంట్లో పురుషుడు చేసే పని వృత్తి అనీ, స్త్రీ చేసేది వట్టి పని అనీ వ్యవహారం ఏర్పడింది. దీనికి కారణాన్ని లెక్కలు వ్రాసినవారి నియమాల్లోనూ, కొంతవరకు తెలుగు ప్రత్యయాల్లోనూ వెదకవలసి ఉంటుంది.

వరంగల్లు నుండి ఖమ్మం వెళ్ళే దారిలోని మరిపెడ 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, అప్పటినుండి మహబూబాబాదు జిల్లాలో చేరింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇది నిజాం రాజ్యభాగం. ఇక్కడ ఆంగ్లేయుల ప్రత్యక్ష పాలన లేదు. కాని రెసిడెంటు పర్యవేక్షణ, ఆంగ్లేయ పద్ధతుల అనుకరణ ఉన్నాయి. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్ జంగు 1865లో జిల్లాబందీని ఏర్పరచాడు. 1881లో హైదరాబాదు రాజ్యంలో మొదటి జనగణన జరిగింది. ప్రజల జీవికలను గళ్ళలో నింపే పద్ధతి ఈ సీమకు వచ్చింది అప్పుడే.

1881 నాటి భారత జనగణన సూచనల్లో ఒకటి ప్రత్యేకంగా గమనింపదగినది. కుటుంబ ఆదాయానికి తోడ్పడే పని చేసేవారినే వృత్తి గడిలో చూపాలి. స్త్రీ ఇంట్లో నూలు వడకినంత మాత్రాన ఆ గడిలో చేరదు. ఆ నూలు క్రమంగా అంగడికి పోతేనే చేరుతుంది. అనగా రాట్నం తిప్పిన చేయి ఒకటే అయినా, ఆ నూలుతో ఇంటివారికి బట్ట నేయిస్తే ఆమెకు వృత్తి లేనట్లు, అమ్మితే ఉన్నట్లు. పనిని నిర్ణయించింది శ్రమ కాదు, విక్రయం. ఈ నియమం వచ్చేనాటికే సీమనూలు, మిల్లునూలు వ్యాపించి చేతినూలును వెనక్కు నెట్టుతున్నాయి. సాలెవారు మిల్లునూలు కొని మగ్గం సాగించగలిగారు, కనుక నేతవృత్తి క్షీణించినా నిలిచింది. రాట్నానికి అటువంటి ఆధారం లేదు. మగ్గం కష్టాలను గురించి చరిత్రకారులు ఎంతో వ్రాశారు. రాట్నం ఆగిన ఇళ్ళ సంగతి అంతగా వ్రాయలేదు. లెక్కలో లేనిది పోయినా లెక్కకు అందదు కదా!

నిజానికి మగ్గం కూడా ఒక్కడి పని కాదు. కండెలు చుట్టడం, పడుగుకు గంజి పెట్టడంలో చేయి వేయడం, నూలు సిద్ధం చేయడం ఇంటి స్త్రీల వంతు. కుమ్మరి ఇంట సారె పురుషునిది. మట్టి సిద్ధం చేయడంలోనూ కుండలు అమ్మడంలోనూ స్త్రీకి భాగముంది. కల్లు గీసేది పురుషుడు, అమ్మకంలో ఆమె. చాకిరేవులో ఇద్దరూ సమానమే. తరువాతి కాలపు ఉదాహరణ ఒకటి ఇక్కడ చెప్పదగింది. ఆలేరు సమీపంలోని శారాజీపేటలో తల్లి లక్ష్మి ఆసు పోస్తూ, ఒక్కొక్క చీరకు వేలసార్లు చేయి తిప్పుతూ పడే బాధ చూసి, చింతకింది మల్లేశం ఆసుయంత్రం నిర్మించాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. అంతవరకు ఆ శ్రమ నేతలో అంతర్భాగమే తప్ప దానికి వేరే లెక్క లేదు.

ఇక పదాల సంగతి. గొల్లెత, చాకెత, బోయెత వంటివి ఆ కులపు స్త్రీ అని మాత్రమే చెబుతాయి. ఆమె చేసే పనిని వేరుచేసి చెప్పవు. ‘కత్తె’ ప్రత్యయం పనిని చెబుతుంది గాని, పనికత్తె, అడపకత్తె, వంటకత్తె పదాల్లో అది ఎక్కువగా పరుల ఇంటి సేవ. వేటకాడు, పాటకాడు అన్న పదాల స్వతంత్రత వీటిలో కనబడదు. మంత్రసాని ఒక్కటి భిన్నం. ‘సాని’ సంస్కృత ‘స్వామిని’కి వికృతి అని నిఘంటుకారులు చెబుతారు. బ్రౌను 1852 నాటి నిఘంటువులోనూ ఈ పదం ఉంది. దీనికి పుంలింగ రూపం లేదు. తెలుగు గ్రామంలో పురుషుని వృత్తికి అనుబంధం కాకుండా, నేర్పును బట్టి స్త్రీకి దక్కిన వృత్తినామం ఇదే అనదగును. ఆ నేర్పుకు గౌరవవాచకం దక్కినా, ఆ పని చేసిన స్త్రీల కులాలకు మాత్రం ఆ గౌరవం దక్కలేదు.

‘వెట్టి’ సంస్కృత ‘విష్టి’కి తద్భవం. కూలి ఇవ్వకుండా చేయించుకొనే ఈ పనిని అర్థశాస్త్రమూ ఎరుగును. తెలంగాణ గ్రామాల్లో ఇది చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైనవారి ఇళ్ళమీద పడేది. పంటకాలంలో కళ్ళం దగ్గర ఇచ్చే ‘మేర’ ఇంటి యజమాని పేరిట నడిచేది. దొర గడీలో చాకిరికి మాత్రం స్త్రీలు కూడా పోవలసి వచ్చేది. ప్రతిఫలం చోట కనబడని స్త్రీ వెట్టిచోట తప్పక కనబడడం ఆలోచింపదగినది.

మరిపెడ పరిసరాల్లో తండాలు విస్తారం గనుక లంబాడీల విషయం విడువరాదు. వీరి పేరును ‘లవణ’ శబ్దంతో ముడిపెట్టేవారున్నారు. అది నిశ్చయం కాదు. ఉప్పు మోయడం మాత్రం నిశ్చయం. ఎద్దులమీద తీరపు ఉప్పును లోనాడుకు, ధాన్యాన్ని సైన్యాలకు చేరవేసినవారు వీరే. వీరిని గురించి జాన్ బ్రిగ్స్ వ్రాసిన వ్యాసం 1819లో వెలువడింది. ఈ రవాణాలో కుటుంబమంతా కదిలేది. స్త్రీకి వేరే ఇల్లు, పురుషునికి వేరే బజారు అన్న విభజన ఆ తండా జీవనానికి పొసగదు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు, 1886 నాటికి వరంగల్లుకు, 1889లో డోర్నకలు మీదుగా బెజవాడకు రైలు వచ్చింది. ఎద్దులబారుకు పని తగ్గింది. పశుపోషణ, సేద్యం, కూలి వారి కొత్త జీవికలయ్యాయి.

1891 జనగణన పోషకుని వృత్తి కిందనే పోషితులనూ లెక్కించింది. 1901లో పనిచేసేవారిని, పోషితులను వేరుచేశారు. అద్దాలు, గవ్వలు కుట్టి లంబాడీ స్త్రీలు తమ కోసం చేసుకొన్న బట్టలు 1881 నియమం ప్రకారం ఏ గడికీ చెందవు. అదే కుట్టుపని నేడు హస్తకళగా అంగళ్ళలో అమ్ముడవుతున్నది.