ఎల్లారెడ్డివారికి కామారెడ్డి పాలకేంద్రం కనపడాలంటే

సభ్యులారా! పాలు ఎంత చిక్కనివైనా, అమ్మేచోటు తెలియనిదే కొనేవారు రారు. అమ్మకం పెరగనిదే మన చేతికి బోనసు రాదు. ఈనాడు నెయ్యి, పెరుగు కావలసినవారు ముందు సెల్‌ఫోనులో గూగుల్‌ను అడుగుతున్నారు. కామారెడ్డిలో మన సంఘానికి విక్రయకేంద్రం ఉన్నదనుకుందాం. ఎల్లారెడ్డిలో వెదికేవారికి అది పైవరుసలో కనపడేదెట్లా?

గూగుల్ ముఖ్యంగా మూడింటిని చూస్తుంది: అడిగిన సరుకుతో పొంతన, దూరం, దుకాణానికున్న పేరు. దూరాన్ని మనం తగ్గించలేము. మిగిలిన రెండింటికి పాటుపడవచ్చు.

1. గూగుల్‌లో కేంద్రం వివరాలు నమోదు చేయాలి. ఇందుకు రుసుము లేదు. పేరు, చిరునామా, ఫోను, తెరచి ఉండే వేళలు సరిగా ఉండాలి.

2. అమ్మే సరుకులన్నిటి పేర్లు, ఫొటోలు చేర్చాలి.

3. మన వాహనం ఎల్లారెడ్డికి నిజంగా సరుకు చేరవేస్తుంటేనే సేవాప్రాంతంలో ఆ ఊరు వ్రాయాలి. 20 ప్రాంతాలదాకా వ్రాయవచ్చు. అయితే ఊరిపేరు వ్రాసినంత మాత్రాన పైవరుస దక్కదు.

4. ఎల్లారెడ్డిలో కొన్నవారిని తమ అభిప్రాయం వ్రాయమని కోరాలి. బహుమతి ఆశచూపి వ్రాయించరాదు. ఫిర్యాదు వస్తే మర్యాదగా జవాబివ్వాలి.

ఎల్లారెడ్డిలో లేని దుకాణానికి అక్కడి చిరునామా పెట్టవద్దు. లాక్టోమీటరు ముందు నీళ్ళపాలు నిలవనట్లే అదీ నిలవదు. బయటపడితే కేంద్రం వివరాలనే తొలగించవచ్చు.