బడులలో అంటువ్యాధులు: ఎప్పుడు, ఎవరికి తెలుపవలెను?

సోలై నగర్ పుదుచ్చేరి పట్టణమున సముద్రపు టొడ్డున నున్న మత్స్యకారుల పేట. ఇట్టి పేటలలో అంగన్‌వాడీలోని బిడ్డకు సోకిన జ్వరము బడికిపోవు అన్నకు, వానినుండి తరగతికి ప్రాకుటకు ఎక్కువ దినములు పట్టదు.

పిల్లలలో ఫ్లూ జ్వరములు హెచ్చినందున పుదుచ్చేరిలో 2022 సెప్టెంబరు 17 నుండి 25 వరకును, మరల 2023 మార్చి 16 నుండి 26 వరకును 8వ తరగతి వరకు పిల్లలకు సెలవు లీయవలసి వచ్చెను. బడులు మూయుట కడపటి ఉపాయము. ముందుగా హెచ్చరించు సాధన మొకటి ప్రతి బడిలోను కలదు; అది హాజరుపట్టీ. ఒకే తరగతిలో ముగ్గురు నలుగురు ఒకే వారమున జ్వరముతో రాకున్నచో, ప్రధానోపాధ్యాయుడు ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను. వ్యాధి పేరు తెలియలేదని ఆగరాదు. రోగనిర్ణయము వైద్యుని పని.

కొన్నిటికి ఒక్క బిడ్డయే చాలును: తట్టు, కంఠసర్పి, 15 ఏండ్ల లోపువారికి కాలుగాని చేయిగాని హఠాత్తుగా చచ్చుబడుట. మన దేశమున కడపటి సహజ పోలియో కేసు 2011 జనవరిలో కనబడినది. అయినను నేటికిని ఇట్టి ప్రతి బిడ్డ మలమును రెండుమార్లు పరీక్షింతురు. తట్టు దద్దురు కనబడుటకు నాలుగు దినములు ముందునుండియే అంటును. కావున దద్దురు చూచునప్పటికే ప్రక్క బల్లవారికి సోకియుండవచ్చును. టీకా పడని పిల్లల పేర్లు కూడ వెంటనే ఆరోగ్య కార్యకర్త కీయవలెను. దద్దురు వచ్చిన పిదప నాలుగు దినములు, గవదబిళ్ళలకు వాపు మొదలు ఐదు దినములు, ఆటలమ్మకు పొక్కులన్నియు ఎండువరకు బిడ్డ ఇంటనే యుండవలెను.

ఇక దాచుట. అమ్మవారు పోసినదని గుమ్మమునకు వేపమండలు కట్టు ఆచారము తమిళులకును మనకును కలదు. దానిని పరిహసింపరాదు, ఆ మండలు చూచి ఇరుగుపొరుగు దూరముగా నుందురు, అది మేలే. కాని ఆ తల్లిని కసరినచో, మరుసారి ఆమె బడికి చెప్పదు. రోగియైన బిడ్డ పేరు తరగతిలో చాటరాదు.

ఆరోగ్య కార్యకర్తలు, వైద్యులు, ప్రయోగశాలలు పంపు నివేదికలు 2004లో ప్రారంభమైన సమీకృత వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమమునకు చేరును. పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందనే యున్న తెలుగు యానాములో ఉపాధ్యాయు డొకటి అదనముగా వ్రాయవలెను: బిడ్డ పొరుగున నున్న ఆంధ్రప్రదేశ్ గ్రామమునుండి వచ్చుచున్నచో, ఆ గ్రామము పేరు.