‘ఉంది’ అంటే ఏది ఉంది?

తెనాలి

అమ్మడూ,

నీ వ్యాసం ఆసాంతం చదివాను. భాష బాగుంది, వాదంలో పట్టు ఉంది. మొదటి పేరాలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ముందు ఆస్తికత్వం పుట్టింది, దాన్ని కాదంటూ నాస్తికత్వం వచ్చింది అని రాశావు. నమ్మకాల మాటేమోగానీ, ఇంగ్లీషు పదాల వరకు చూస్తే జరిగింది తలకిందులుగా. ‘ఏథీయిజం’ ఫ్రెంచి నుంచి దిగి 16వ శతాబ్దంలోనే వాడుకలో పడింది. ‘థీయిజం’ అచ్చులో కనిపించేది 1678లో, కేంబ్రిడ్జి పండితుడు రాల్ఫ్ కడ్‌వర్త్ వేసిన పెద్ద గ్రంథంలో. అంటే, కాదనేవాడికి పేరు పెట్టిన చాలా ఏళ్లకుగానీ అవుననేవాడికి పేరు అవసరం పడలేదు. ఊరంతా తెలుగే మాట్లాడేచోట ఎవరినీ పనిగట్టుకుని ‘తెలుగువాడు’ అనరు కదా! తేడాగా ఉన్నవాడికే ముందు పేరు తగిలిస్తారు. అదీ ఎక్కువసార్లు తిట్టుగా.

గ్రీకులో ‘థెయోస్’ అంటే దేవుడు. దానికి ముందు ‘అ’ చేరిస్తే ‘అథెయోస్’. మన అధర్మంలో, అసత్యంలో ఉన్న ‘అ’కారమే ఇదీ. గ్రీకు, సంస్కృతం ఒక తల్లి బిడ్డలే. అలాగని ‘థెయోస్’ని చూసి మన ‘దేవ’ శబ్దానికి చుట్టం అనుకునేవు, కాదు. ‘దేవ’కు చుట్టాలు లాటిన్‌లో ‘డెయుస్’, గ్రీకుల్లో జ్యూస్ దేవుడి పేరూను. ‘థెయోస్’ వేరే ధాతువు నుంచి వచ్చింది. చెవిని నమ్మి పదాల చుట్టరికం కలిపితే ఇలాగే బోల్తా పడతాం.

ఆ ‘అథెయోస్’కి తొలిరోజుల్లో దేవుళ్లు వదిలేసినవాడు, దేవుళ్లంటే లెక్కలేనివాడు అనే అర్థాలుండేవి. సిద్ధాంతం కాదు, నింద. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయసభలో సోక్రటీసు సరిగ్గా ఆ మాట మీదే తన ఫిర్యాదుదారు మెలిటస్‌ని పట్టుకుంటాడు. ఈ నగరం దేవుళ్లను కాకుండా వేరే దేవుళ్లను నమ్ముతున్నానంటావా, అసలు ఏ దేవుణ్ణీ నమ్మనంటావా అని అడుగుతాడు. అసలు నమ్మవు అంటాడు మెలిటస్. మరి కొత్త దైవశక్తులను తెచ్చిపెట్టానని అభియోగపత్రంలో రాసింది నువ్వే కదా, ఆ శక్తులను నమ్మేవాడు దేవుళ్లను నమ్మకపోవడం ఎలా కుదురుతుంది అంటాడు సోక్రటీసు. తర్కంలో గెలిచాడు, విషం తప్పలేదు. ప్లేటో రాసిన ఆ సమాధానవాదం నువ్వు చదివి తీరాలి.

రోమను సామ్రాజ్యంలో ఈ నింద క్రైస్తవుల మీద పడింది! వాళ్లకు విగ్రహాల్లేవు, నగర దేవతలకు బలులివ్వరు. కాబట్టి దేవుళ్లు లేనివాళ్లు. రెండో శతాబ్దంలో స్మిర్నా నగరంలో, అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్‌లో, పోలికార్ప్ అనే ముసలి బిషప్పును పట్టుకొచ్చి, నాస్తికులు నశించాలని నువ్వే అను, వదిలేస్తాం అన్నాడు అధికారి. ఆయన చుట్టూ అరుస్తున్న జనంకేసి చెయ్యి ఊపి ఆ మాటే అన్నాడట. ఇద్దరూ వాడింది ఒకటే పదం, చూపింది మాత్రం ఎదుటివాళ్లను.

ఇక మనవైపు వద్దాం. నాకు ఇష్టమైన చోటు ఇది, కొంచెం ఓపిక పట్టు. పాణిని అష్టాధ్యాయిలో నాలుగో అధ్యాయం, నాలుగో పాదం, 60వ సూత్రం. అస్తి అనే మతి ఉన్నవాడు ఆస్తికుడు, నాస్తి అనే మతి ఉన్నవాడు నాస్తికుడు, దిష్టం అంటే విధి మీద మతి ఉన్నవాడు దైష్టికుడు. అంతే! దేవుడి ఊసే లేదు. ‘అస్తి’ అంటే ‘ఉంది’. ఏది ఉంది? సూత్రం చెప్పదు. ఆ ఖాళీని అష్టాధ్యాయి వ్యాఖ్యానమైన కాశికావృత్తి ‘పరలోకం’ అని నింపింది. మనుస్మృతి వేదాన్ని పెట్టింది: వేదనిందకుడే నాస్తికుడు అంది. మహాయాన గురువు నాగార్జునుడు శాతవాహన రాజుకు ఉపదేశంగా రాశాడని చెప్పే రత్నావళిలో కర్మకు ఫలం లేదనడమే నాస్తిదృష్టి అన్నాడు. చూశావా, మనువు లెక్కలో నాస్తికుడైన బౌద్ధుడికీ తిట్టడానికి వేరే నాస్తికుడు ఉన్నాడు! ఎనిమిదో శతాబ్దపు జైనాచార్యుడు హరిభద్రుడు తన షడ్దర్శన సముచ్చయంలో జైనులను, బౌద్ధులను కూడా ఆస్తికుల పంక్తిలోనే కూర్చోబెట్టి పరలోకాన్ని కాదనే లోకాయతులను బయట ఉంచాడు.

మీమాంసకుల సంగతి మరీ తమాషా. వేదం అపౌరుషేయం, దానికి కర్త లేడు, దేవుడు కూడా కర్త కాడు అన్నారు. యజ్ఞం తన ఫలాన్ని తానే ఇస్తుంది, పంచిపెట్టేవాడు అక్కర్లేదన్నారు. లోకానికి సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని కుమారిల భట్టు గట్టిగా ఖండించాడు. నీ వ్యాసం ప్రకారం ఆయన నాస్తికుడు. సంప్రదాయం ప్రకారం ఆయనను మించిన ఆస్తికుడు లేడు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికల్లోనూ ఈశ్వరుడికి పని లేదు. అందుకే ఆ దర్శనాన్ని నిరీశ్వర సాంఖ్యం అని, యోగాన్ని సేశ్వర సాంఖ్యం అని విడదీసి పిలిచారు. నువ్వు చెప్పదలచుకున్నది దేవుడు లేడనే అయితే నీకు కావలసిన పదం ‘నిరీశ్వరవాదం’. ‘నాస్తికత్వం’ అంతకంటే పెద్ద గోతాం. (మన తెలుగువాళ్లం ‘ఆస్తి’ని పొలం పుట్రలకు ఖాయం చేసి, కొట్లో కందిపప్పు లేకపోతే ‘నాస్తి’ అంటున్నాం. పాణిని వింటే నవ్వేవాడు.)

తిట్టును బిరుదుగా తలకెత్తుకున్నవాళ్లు తరవాత వచ్చారు. ఫ్రాన్సులో బారన్ హోల్బాక్, ఇంగ్లండులో చార్లెస్ బ్రాడ్లా. మనకు గోరా, గోపరాజు రామచంద్రరావుగారు. వృక్షశాస్త్రం చెప్పిన ఆ మాష్టారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. సహపంక్తి భోజనాలు పెట్టించారు, కులాంతర వివాహాలు జరిపించారు, గాంధీగారితో కూర్చుని వాదించారు. ‘లేదు’ అనే మాట చుట్టూ ఇంత ‘ఉంది’ని కట్టడం నాకు నచ్చుతుంది, ఆయన చెప్పినవన్నీ నేను ఒప్పుకోకపోయినా. నా సంగతి అడిగావు కనక చెబుతున్నాను: నన్ను మీమాంసకుల పక్షాన రాసుకో. కర్మ ఉందంటాను, కర్త జోలికి పోను.

ఇక ఇంట్లో జరిగిన గొడవ. నువ్వు నాస్తికురాలినని చెప్పాక మీ నానమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదని విన్నాను. మా అక్కయ్య నాకు తెలుసు. దేవుడు లేడన్నందుకు ఆవిడ ఇంతగా కుంగిపోదు. దేవుణ్ణి ఆవిడే రోజూ తిడుతుంది. ఆవిడ చెవికి ఆ మాట కాశికావృత్తి అర్థంలో తగిలింది. పరలోకం లేదు, పోయినవాళ్లు ఎక్కడా లేరు, మీ తాతగారికి ఏటా పెట్టే తద్దినం ఎవరికీ చేరదు అని. నువ్వు ఈశ్వరుడి గురించి చెప్పావు, ఆవిడ మొగుడి గురించి విన్నది. నీ అభిప్రాయం మార్చుకోమనను. నువ్వు కాదన్నది దేన్నో ఆవిడ పక్కన కూర్చుని విడమరిచి చెప్పు. అప్పుడూ పోట్లాడుతుంది, కానీ అసలు విషయం మీద పోట్లాడుతుంది.

వచ్చే నెల తద్దినానికి నేనూ వస్తున్నాను. ఆలోగా మొదటి పేరా తిరగరాసి పంపు. మీ నాన్నతో బస్టాండుకు స్కూటరు తెమ్మని చెప్పు, ఆటోవాళ్లతో బేరమాడే ఓపిక నాకు లేదు.

మీ తాతయ్య